కాత్యాయని టీచర్ డైరీలో గుంట

నాకున్న భయాల్లోకెల్లా పెద్దది ఇది: మా అమ్మాయి హిమజ గురించి ఎవరో ఏదో రాస్తారు, రాసింది రాసినట్టు జరిగిపోతుంది, దాన్ని చదవడం నాకు చేతకాదు. సోమవారం నాడు అదే అయింది. మా హిమజ ఆరో తరగతి గదిలో, కిటికీ పక్కన, గుంట అయిపోయి ఉంది.

మా శ్రీకాకుళం వైపు ఆడపిల్లని గుంట అంటాం. అది తిట్టు కాదు. మా అమ్మ నన్ను పెద్దగుంట అనేది, మా చెల్లిని చిన్నగుంట అనేది, ఇద్దరం పలికేవాళ్లం. తక్కిన జిల్లాల్లో గుంట అంటే గొయ్యి అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. హిమజ అయింది ఆ రెండో గుంట. అడ్డం మూడడుగులు. లోతు ఇంకా ఎవరూ కొలవలేదు.

ఇదంతా టీచరమ్మ డైరీ వల్ల.

కాత్యాయని టీచరుది కృష్ణా జిల్లా. నిరుడు బదిలీ మీద మా ఊరి బడికి వచ్చింది, తెలుగు చెబుతుంది. ఒంటరి మనిషి. తన సంగతులు రోజూ ఫోనులో ఒక పేజీలో రాసుకుంటుంది. ఆ పేజీని బడి పిల్లలు ఎవరింట్లో వాళ్లు తెరిచి చదువుకోవచ్చు. పెద్దవాళ్లు తెరిస్తే తెల్లగా ఉంటుంది. నేను తెరిచి చూశాను, ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. ఫోను నాదే. హిమజ చేతికివ్వగానే అక్షరాలు వస్తాయి.

అందుకని రోజూ సాయంత్రం నేను ఇంటి దగ్గర జీడిపప్పుకి పొట్టు తీస్తుంటే హిమజ ఎదురుగా కూర్చుని పైకి చదువుతుంది. టీచరమ్మ పెద్ద విషయాలేమీ రాయదు. ఇవాళ ఉప్మా మాడింది. ఈ ఊరి గాలిలో ఉప్పు ఎక్కువ, నా కళ్లజోడు తుప్పు పడుతోంది. స్టాఫ్ రూములో గడియారానికి ఈమధ్య బద్ధకం బలిసింది. ఇలాంటివి.

గడియారం గురించి రాసిన మర్నాడు అది పదిన్నరకి బడికొచ్చింది. తడి మొహం తుడుచుకుంటూ వచ్చి గోడెక్కింది. హెడ్మాస్టరు దానికి పూట సెలవు వేశాడు.

"టీచర్ జరిగిందే రాస్తాదమ్మా," అంటుంది హిమజ.

రాసినందుకు జరుగుతోందేమోనని నా అనుమానం. ఈ అనుమానం ఎవరితో చెప్పుకోవాలో తెలియదు. నేను ఏడో తరగతిలో మానేశాను. మా అమ్మ మంచం పట్టింది, చెల్లి చంకలో ఉంది, ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. ముందు జరగడమా ముందు రాయడమా అన్నది ఎనిమిదిలో చెబుతారేమో.

ఆ ఆదివారం సాయంత్రం హిమజ ఇలా చదువుతుంది:

"మా ఆరో తరగతిలో ఒక గుంట ఉంది. కిటికీ పక్కన. ఎవరూ పట్టించుకోరు. పక్కనుంచి నడిచి వెళ్లిపోతారు. రోజురోజుకీ లోతవుతోంది. ఒక మాట వేస్తే దాని చప్పుడు చాలాసేపటికి గాని పైకి రాదు."

చదివి, ఫోను ఒళ్లో పెట్టుకుని నవ్వుతుంది. "అమ్మా, నేనే!"

"నువ్వని ఎలగ తెలుసే?"

"కిటికీ పక్కన నేనే గదా కూకుంటాను. టీచర్ మన మాట నేర్సీసుకుంది, సూడు. గుంటంట!"

"మరి లోతేటి? సప్పుడేటి?"

"నన్నేదైనా అడిగితే ఆలోసించి గానీ సెప్పను. అదీ."

ఇంకో రెండుసార్లు చదువుకుంటుంది. మూడోసారి చదివేటప్పుడు దాని గొంతు కొంచెం దూరం నుంచి వచ్చినట్టు వినబడుతుంది. నేను పక్కింటి టీవీ గోల అనుకుంటాను.

సోమవారం రెండు జడలు వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టి పంపుతాను. నాలుగున్నరకి పిల్లలందరూ వస్తారు. హిమజ సంచీ మాత్రం రేణుక భుజాన వస్తుంది. రేణుక మా వీధి పిల్ల, హిమజ తరగతే.

"హిమజేదే?"

"బళ్లోనే ఉంది అత్తా."

"ఏటి సేస్తంది?"

"ఏటీ సెయ్యట్నేదు. గుంట గదా. అలగే ఉంది."

"ఒసే, గుంటంటే మన గుంటే గదే! నువ్వు గుంటవి కావేటి?"

రేణుక నాకేసి జాలిగా చూస్తుంది. "అది మనం ఇంటికాడ అనుకున్న మాట అత్తా. ఇది రాసిన మాట. రాసినప్పుడు పుస్తకంలో ఏటుంటే అదే. పుస్తకంలో గుంటంటే గొయ్యి."

నేను చదివినప్పుడు కూడా పుస్తకంలో మా మాటలు లేవు.

బడికి వెళ్లేసరికి గదిలో ఎండ ఇంకా ఉంది. కిటికీ పక్కన బెంచీని ఎవరో జాగ్రత్తగా వెనక్కి జరిపారు. నేల పగల్లేదు. గచ్చు అక్కడిదాకా వచ్చి, చీర అంచు మడిచి కుట్టినట్టు గుండ్రంగా లోపలికి తిరిగింది. చుట్టూ పిల్లల చెప్పుల ముద్రలు. అన్నీ పక్కనుంచి వెళ్లినవే.

నేను మోకాళ్ల మీద కూర్చుని వంగుతాను. "హిమజా!"

కొంతసేపటికి జవాబు వస్తుంది. "అమ్మా, బాక్సులో ఏటెట్టావు?"

"ఎలగున్నావే తల్లీ? సీకటిగుందా?"

"నేదు. బాగానే ఉంది. ఇక్కడినుంచి బోర్డు బాగా కనబడతాది."

చున్నీకి కట్టి టిఫిన్ బాక్సు దింపుతాను. ఒక చున్నీ సరిపోతుంది. కాసేపటికి బాక్సు బరువు తగ్గుతుంది, పైకి లాగితే లోపల కడిగి ఉంటుంది. ఇంట్లో ఒక్కనాడూ కడగని పిల్ల. బాక్సు కడిగిందని నాకు ఏడుపొస్తుంది.

హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మంచి మనిషే. గొంతు తగ్గించి మాట్లాడతాడు.

"అమ్మా, నలభై ఇద్దరు పిల్లలు వచ్చి తరగతిలో గుంట ఉందని చెప్పారు. నేను వచ్చి చూశాను, ఉంది. రేపు ఎవరైనా పడితే నన్నడుగుతారు. శనివారం కంకర ట్రాక్టరు వస్తుంది. పూడ్పించేస్తాను."

"అయ్యా, అది మా అమ్మాయండీ."

"కాదని నేననడం లేదమ్మా. ఎవరి గుంటైనా పూడ్చక తప్పదు కదా."

నాకు సోమవారం నుంచి శనివారం దాకా వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం వచ్చు. ఐదు వేళ్లు.

మంగళవారం బాక్సు దింపడానికి రెండు చున్నీలు ముడివేస్తాను. బుధవారం నాలుగు. గురువారం మా వీధిలో ఆడవాళ్లందరి చున్నీలూ, ఒకావిడ పట్టుచీరా కలుపుతాను. రేణుక లెక్క చెబుతుంది: ఎవరో ఒకరు ఆ పేజీ మళ్లీ అప్పజెప్పుకున్నప్పుడల్లా ఒక జాన లోతు పెరుగుతోందట. పిల్లలు అప్పజెప్పుకోకుండా ఉండలేకపోతున్నారట. తమ తరగతి గురించి రాసిన పేజీ గదా.

హిమజ గొంతు పైకి రావడానికి ఇప్పుడు నేను పది అంకెలు లెక్కపెట్టాలి. "ఆకలేస్తందా?" అని అడిగి, పదిదాకా లెక్కపెట్టి, "నేదు" అని వింటాను. గురువారం "నేదు" అన్నది హిమజ గొంతులానే ఉంది, కాని కొంచెం పెద్దావిడ గొంతులా ఉంది.

ఇంట్లో మా అత్త గౌరమ్మ కాళ్లనొప్పులతో మంచం మీదే ఉంటుంది. హిమజ నాన్న గుజరాత్‌లో బోటు మీద ఉన్నాడు, మూడు నెలలదాకా ఒడ్డుకి రాడు. చెప్పుకోవడానికి అత్తే ఉంది.

"ఓలమ్మా, గుంటని గుంటంటే ఇంత గొడవేటే? నేనూ గుంటనే. మా అమ్మ సచ్చేదాకా నన్ను గుంటా అనే పిల్సింది. నేను గోతినైపోనానేటి?"

"నిన్నెవులూ రాయనేదు గదత్తా."

అత్త మోకాళ్లు రుద్దుకుంటుంది. "అదీ నిజమే. మనల్నెవులు రాస్తారు?" తర్వాత అంటుంది, "రాసిన సెయ్యి ఉంది గదా. ఆ సేత్తోనే తుడిసెయ్యమను. నీకు నోరు నేదేటి, ఎల్లి అడుగు. ప్రతిదానికీ వొణుకుతావు."

శుక్రవారం పొద్దున్న టీచరమ్మని అడగడానికి వెళ్తాను.

స్టాఫ్ రూములో ఆమె ఒక్కతే ఉంది. నలభై ఏళ్లుంటాయి. కళ్లజోడు తుప్పు ముక్కు మీద ఎర్రగా అంటింది. నన్ను చూడగానే లేచి నిలబడి, తన కుర్చీ నాకు వేస్తుంది.

"హిమజ వాళ్లమ్మగారూ, నేనే మీ ఇంటికి రావాలి. మొహం చెల్లక రాలేదండీ. మీ మాట ఒకటి నాకు వచ్చిందని మురిసిపోయి రాశాను. హిమజ అంటే నాకు ఇష్టం. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే లోతుగా ఉంటుంది. అంతే నేను రాసింది. ఆ మాటకి మా వైపు ఇంకో అర్థం ఉందని, రాసేటప్పుడు నాకే గుర్తు లేదు. చూడండి, మా సొంత అర్థమే మర్చిపోయాను."

"తుడిసెయ్యండి టీచరమ్మా."

"సోమవారమే తుడిచేశాను. పేజీలో లేదు. కాని పిల్లలు కంఠస్థం చేసేశారు. ఏది చదివినా కంఠస్థం చెయ్యమని వాళ్లకి నేర్పింది నేనే." పక్క గదిలోంచి పిల్లలు ఒక్క గొంతుతో అప్పజెబుతున్నారు: ఎవరూ పట్టించుకోరు, పక్కనుంచి నడిచి వెళ్లిపోతారు. "వినండి. ఒక్క పొల్లు కూడా పోలేదు."

"అయితే ఇంకోటి రాయండి. అది గొయ్యి కాదని రాయండి."

"నిన్న రాశానండీ. 'అది గొయ్యి కాదు' అని." ఆమె గొంతు తగ్గిస్తుంది. "గొయ్యి కాదంటే అంచు పోయింది. మీరు ఇవాళ గదిలోకి వెళ్లలేదు కదా. వెళ్లకండి. ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. బెంచీలు రెండు జరిగిపోయాయి."

నా కాళ్ల కింద గచ్చు గట్టిగానే ఉంది. అయినా కుర్చీ పట్టుకుంటాను.

"మరేటి దారి?"

"గుంట అంటే ముందు పిల్ల అని తెలిసినవాళ్లు ఆ మాట రాయాలి. నా చేత్తో రాస్తే గొయ్యే అవుతుంది. మీ చేత్తో రాయాలి. కాని ఒక చిక్కుంది. రాసిన మాట ఊరికే పోదు. దానికి కూర్చోడానికి చోటు కావాలి. హిమజ మీదనుంచి లేపితే ఇంకొకరి మీద కూర్చుంటుంది."

"నాకా పేజీ కనబడదు గదా. తెల్లగా ఉంటాది."

"మీరు ఎక్కడ చదువుకున్నారు?"

"ఇక్కడే. ఏడులో మానీసినాను."

టీచరమ్మ బీరువా తెరిచి, అడుగునుంచి ఒక హాజరు పట్టీ తీస్తుంది. దుమ్ము దులపదు. పదిహేడేళ్లుగా ఆ పట్టీలో ఎవరో రోజూ గీత పెడుతూనే ఉన్నారు. నా పేరు ఎదురుగా వరసగా ఒకటే గుర్తు, రాలేదని. పేరు మాత్రం కొట్టెయ్యలేదు.

ఆమె కళ్లజోడు సర్దుకుని, నాకేసి చూడకుండా, గట్టిగా పిలుస్తుంది. "దమయంతి!"

నేను లేచి నిలబడతాను. చెయ్యి దానంతటదే ముందుకి వస్తుంది. "ప్రెజెంట్ టీచర్."

"కూర్చో. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?"

"ఇంటికాడ పనుంది టీచర్."

"సరే. రేపట్నుంచి మానకు." పట్టీలో ఏదో రాస్తుంది. తర్వాత మళ్లీ తన మామూలు గొంతుతో, "ఇప్పుడు చూడండమ్మా," అంటుంది.

నా ఫోనులో అక్షరాలున్నాయి.

ఎదురుగా పెట్టుకుని మెల్లగా చదువుతాను. ఒక్కొక్క అక్షరానికీ పెదవి కదపాలి. టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడుతుంది, నేను సిగ్గుపడకుండా. ఉప్మా ఉంది. గడియారం ఉంది. మధ్యలో నేను వినని పేజీలు కూడా ఉన్నాయి. హిమజ నాకు అన్నీ చదవలేదన్నమాట. కొన్ని దాటేసింది.

దాటేసిన వాటిలో ఒకటి ఇది:

"ఈ ఊరు వచ్చి ఏడాది. అందరూ టీచరమ్మా అంటారు. కూరలావిడ టీచరమ్మా, పాలావిడ టీచరమ్మా. మా అమ్మ పోయాక నన్ను చిన్నపిల్లలా పిలిచేవాళ్లు లేరు. ఇక్కడి ముసలమ్మలు తమ కూతుళ్లని గుంటా అని పిలుస్తుంటే వింటూ నిలబడిపోతాను. ఒక్కరైనా నన్ను అలా పిలిస్తే బాగుండును."

అది చదివి తలెత్తుతాను. ఆమె వీపు నాకేసి ఉంది. జాకెట్టు భుజం దగ్గర సుద్దపొడి.

"రాయండి," అంటుంది అటే చూస్తూ. "మీకేం తోస్తే అది రాయండి. నేను చూడను."

ముందు నా పేరే రాద్దామనుకుంటాను. తల్లి కదా, అదే న్యాయం. "గుంట ద" అని రాస్తాను. ఆగుతాను. నేను గోతినైపోతే హిమజకి జడలెవరు వేస్తారు? జ్వరమొస్తే ఎవరు లేస్తారు? అత్తకి నీళ్లెవరు పెడతారు? "ద" తుడిచేస్తాను.

ఎవరో తెలియని మనిషి పేరు రాద్దామనుకుంటాను. నాకు తెలియని మనిషి పేరు నాకెలా తెలుస్తుంది? అదీ కుదరదు.

అప్పుడు ఇలా రాస్తాను. తప్పుల్లేకుండా రాయడానికి చాలాసేపు పడుతుంది.

"కిటికీ పక్కన ఉన్నది మా హిమజ. గుంట మా కాత్యాయని టీచర్. మా ఇంటి గుంటే."

ప్రేమగానే రాశాను. ఆమె కోరిన మాటే ఆమెకిచ్చాను. ఎవరైనా అడిగితే అలాగే చెబుతాను. కాని రాసేటప్పుడు నాకు తెలుసు. తెలియదని ఇక్కడ రాస్తే అది కూడా జరిగిపోతుందేమోనని భయం, అందుకని తెలుసనే రాస్తున్నాను.

టీచరమ్మ వెనక్కి తిరిగి నా ఫోను తీసుకుంటుంది. చదువుతుంది. మొహంలో రంగు మారదు. "దీర్ఘం సరిగ్గా పెట్టారు," అంటుంది. "పంపించండి." తర్వాత ఇంకోసారి చదువుకుంటుంది. "మా ఇంటి గుంటే," అని పెదవి కదుపుతుంది. నవ్విందనుకుంటాను. నవ్వి ఉండాలి.

శనివారం తొమ్మిదింటికల్లా పిల్లలందరూ ఆ పేజీ కంఠస్థం చేసి వస్తారు. నేను గుమ్మంలో ఉన్నాను. బయట కంకర ట్రాక్టరు ఇంజను ఆపకుండా నిలబడింది. హెడ్మాస్టరు డ్రైవరుకి కిటికీ చూపిస్తున్నాడు.

టీచరమ్మ బోర్డు దగ్గర నిలబడి తారీకు రాస్తోంది. మంచి చీర కట్టుకుంది, పూలు కూడా పెట్టుకుంది. ఎప్పుడూ పెట్టుకోదు.

పిల్లలు అప్పజెబుతారు. కిటికీ పక్కన ఉన్నది మా హిమజ.

కిటికీ పక్కన నేల పాలు పొంగినట్టు మెల్లగా పైకి లేస్తుంది. ముందు పాపిడి గీత, తర్వాత నుదురు, భుజాలు, బెంచీ. హిమజ చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. ఎర్ర రిబ్బన్లు తెల్లబడ్డాయి. "అమ్మా," అంటుంది. వెంటనే వినబడుతుంది. పది లెక్కపెట్టక్కర్లేదు.

గుంట మా కాత్యాయని టీచర్, అంటారు పిల్లలు. మా ఇంటి గుంటే.

నేను హిమజ దగ్గరికి పరిగెత్తుతున్నాను, అందుకని సరిగ్గా చూడలేదు. సుద్దముక్క ఆమె చేతిలోంచి జారడం మాత్రం చూశాను. అది కింద పడిన చప్పుడు ఇప్పటివరకూ రాలేదు.

బోర్డు మీద తారీకు సగం ఉంది. దాని కింద గచ్చు గుండ్రంగా లోపలికి తిరిగి ఉంది. పిల్లలు పుస్తకాలు సర్దుకుని, పక్కనుంచి నడుచుకుంటూ వెళ్లిపోతారు.

ట్రాక్టరు డ్రైవరు తల లోపలికి పెడతాడు. "సార్, ఏ గుంటండీ?"

హెడ్మాస్టరు జేబులోంచి కాగితం తీసి చూస్తాడు. "ఇందులో కిటికీ పక్కన అని ఉంది. కిటికీ పక్కన ఏమీ లేదు. బోర్డు కిందదానికి మళ్లీ కాగితం పెట్టాలి. వచ్చే శనివారం రా." నాకేసి తిరిగి, "మీ అమ్మాయి వచ్చేసింది కదమ్మా, మంచిది," అంటాడు. నిజంగానే సంతోషపడుతున్నాడు.

ఇంటికి తీసుకొస్తాను. అప్పటినుంచి హిమజ మణికట్టు నేను వదల్లేదు. అన్నం ఒక చేత్తో కలుపుతాను, పొట్టు ఒక చేత్తో తీస్తాను. నిద్రలో కూడా పట్టుకునే ఉంటాను. చెయ్యి వదిలితే ఏమవుతుందో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

"టీచర్ని సూసొద్దామమ్మా," అంటుంది హిమజ.

"రేపు."

"నిన్న కూడా రేపే అన్నావు."

మంచం మీదనుంచి అత్త అంటుంది, "ఎల్లి రాయే. ఆవిడికెవులున్నారు? బాక్సైనా దింపినావా ఒక్కపూట?"

"బోర్డుకాడికి ఎల్లాలంటే ఈ గుంట సెయ్యి వొదలాలి అత్తా. దీన్ని మళ్లీ ఆ గదిలోకి తీసుకెల్లనేను."

గుంట అనేశానని నాలిక్కరుచుకుంటాను. హిమజని తడిమి చూస్తాను. ఉంది. ఉత్త నోటిమాట కదా, ఏమీ కాలేదు.

బడిలో మరో తెలుగు టీచరు ఇంకా రాలేదు. రేణుక తల్లిని అడిగాను, ఆవిడ బోర్డు దగ్గరికి పోనంది. ట్రాక్టరు శనివారం వస్తుంది. ఇవాళ గురువారం.

టీచరమ్మ పేజీ మాత్రం ఆగలేదు. రోజూ సాయంత్రం అదే వేళకి వస్తోంది. అక్షరాలు ఉండవు. పేజీ నల్లగా, తడిగా ఉంటుంది. మొదటిరోజు తుడుద్దామని వేలు పెట్టాను. వేలు అద్దం మీద ఆగలేదు. రెండో కణుపు దాకా లోపలికి దిగింది. లోపల బియ్యం పోసినట్టుంది. ఎవరిదో చెయ్యి నా వేలు పట్టుకుని, ఆ బియ్యంలో మెల్లగా దిద్దించింది. గుండ్రంగా, చాలా పెద్దగా, నేను నేర్చుకున్న అక్షరాల్లో లేని అక్షరం. తప్పుపోతే వెనక్కి తెచ్చి మళ్లీ మొదటినుంచి దిద్దించింది. విసుక్కోలేదు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

రోజూ దిద్దుతున్నాను. అక్షరం ఇంకా పూర్తికాలేదు. నిన్న ఆ చెయ్యి కొంచెం చల్లగా ఉంది. ఇవాళ పట్టు కూడా వదులైంది, నా వేలే ఆ వేలిని పట్టుకుని ముందుకి లాగాల్సి వచ్చింది. దారి నాకు తెలియదు కదా, బియ్యంలో ఎటో వెళ్లిపోయాం.

ఇది చదివేవాళ్లకి నేను చెప్పుకునేది ఒక్కటే. నేను పిల్ల చెయ్యి వదిలి వెళ్లలేను. మీరు ఎప్పుడైనా, ఎక్కడైనా బడిలో కూర్చున్నవాళ్లయితే, ఒకసారి లేచి నిలబడి ప్రెజెంట్ టీచర్ అనండి, ఆ పేజీ మీకూ తెరుచుకుంటుంది. దయచేసి శనివారం లోపల తెరిచి, వేలు పెట్టి, ఆ చెయ్యి ఇంకా వెచ్చగా ఉందో లేదో చూసి చెప్పండి. పట్టుకుంటే వెంటనే లాక్కోకండి. ఆమె పేరు కాత్యాయని.